గడప మీద పెద్దమ్మ

పల్నాడులో ఇల్లు వెచ్చబెట్టుకోవడం గురించి రాస్తానంటే ఎవరైనా నవ్వుతారు. ఎండాకాలం వచ్చిందంటే మా పక్కనున్న రెంటచింతల పేరు పేపర్లో పడకుండా ఉండదు. చలికాలమంటే మాకు నెలన్నర ముచ్చట. పెట్టెలో దుప్పటి తీసి దులిపి కప్పుకునేలోపే మళ్ళీ ఎండలు మొదలవుతాయి.

అయినా మా వైపు ప్రతి ఇంట్లోనూ ఎప్పుడో ఒకప్పుడు ఒక గదిని వెచ్చగా ఉంచక తప్పదు. అది బాలింత గది. బయట ఏ కాలమైనా సరే, బాలింతకు గాలి సోకకూడదు, కుంపట్లో నిప్పు ఆరకూడదు, ఒంటికి వేడి వేడి నీళ్ళు పడాలి. ఆ నీళ్ళకు ఏ కట్టె, ఆ కుంపటికి ఏ నిప్పు అన్న విషయంలో గురజాల దగ్గరి మా ఊరికి ఒకే ఒక్క సుప్రీంకోర్టు ఉండేది. ఆవిడ పోయిందని నిన్న పొద్దున ఫోనొచ్చింది.

ఓటరు లిస్టులో ఆవిడకొక పేరుండే ఉంటుంది. మాకు మాత్రం పెద్దమ్మ. బస్సు ఆగేచోట ఇస్త్రీ కొట్టు ఆవిడది. మొగుడు పోయాక ఆ బొగ్గుల ఇస్త్రీ పెట్టె ఆవిడే పట్టుకుంది. పొద్దున పూట బాలింతలకూ పసిబిడ్డలకూ నీళ్ళు పోసేది, ఎండెక్కాక చొక్కాలు రుద్దేది. మనిషి పొడగరి, ఎముకలు పెద్దవి. గాజులు మోచేతి దాకా ఎగదోసుకుని, చీర కుచ్చెళ్ళు బొడ్లో దోపుకుని నడిచొస్తుంటే పోట్లాటకు వస్తున్నట్టుండేది.

ఆ కొట్టుకు తలుపు లేదు. ఒకప్పుడు ఉండేదట, ఆవిడే పీకించేసింది. వానాకాలం ఓ గోనెపట్టా వేలాడగట్టేది, అంతే. ఒకసారి ఎవడో సందు చూసుకుని ఇస్త్రీ పెట్టె కూడా ఎత్తుకుపోయాడు. ఊరంతా తలుపు పెట్టించుకోమని చెప్పింది. "దొంగోడు పెట్టెనేగా ఎత్తుకుపోయింది" అనేసి, గురజాల వెళ్ళి పాతది ఇంకోటి కొనుక్కొచ్చుకుంది. ఆ మాటేమిటో మాకెవరికీ అర్థం కాలేదు. మొండి మనిషి అనుకుని వదిలేశాం.

ఎవరింట్లో పురుడొచ్చినా ఆవిడ ముందు బాలింతను చూసేది కాదు. తిన్నగా దొడ్లోకి వెళ్ళి కట్టెల కుప్ప చూసేది. "పొయ్యి కిందకేం పెడతారో చూస్తే ఇంటి సంగతంతా తెలిసిద్ది" అనేది. నిజమే. పత్తి వేసిన వాళ్ళ దొడ్లో పత్తికట్టె, కంది వేసిన వాళ్ళ దొడ్లో కందికంప, గేదెలున్న వాళ్ళ గోడల నిండా పిడకలు. సొంత పొలంలో చెట్లున్న ఆసాముల ఇంట తుమ్మమొద్దులు. ఏమీ లేని వాళ్ళు కాలవ గట్టున సర్కారుతుమ్మ కొట్టుకొచ్చి, ముళ్ళు గీసుకున్న చేతులతో వంట చేసేవాళ్ళు. ఎవరూ కూర్చుని ఆలోచించి ఎంచుకున్నవి కావు. చేలో ఏది మిగిలితే అదే పొయ్యిలోకి వచ్చేది.

పెద్దమ్మ ఒక్కతే ఎంచేది. అంటించడానికి కందికంప, మంట నిలబడడానికి తుమ్మమొద్దు, సాంబ్రాణికి పిడక నిప్పు. మిరపకట్టె ఆ చుట్టుపక్కల కనపడకూడదు. ఒకసారి మా పక్కింట్లో తెలియక మిరపకట్టె పెడితే, దానికి ఎండుకాయలు రెండు అంటుకుని ఉన్నాయో ఏమో, ఇంటిల్లిపాదీ తుమ్ముకుంటూ వీధిలో పడ్డారు. ఆవిడ నడుం మీద చెయ్యేసుకుని, "బిడ్డకి నీళ్ళు పోయమన్నారా, బజ్జీలెయ్యమన్నారా?" అని అడిగింది.

నా మొదటి కాన్పుకు నేను పుట్టింటికి వచ్చిన నాటికి మా ఇంట్లో గ్యాసు వచ్చి ఏడాదయింది. వచ్చిందన్న మాటే గానీ అమ్మ దాన్ని వెలిగించగా చూసినవాళ్ళు తక్కువ. సిలిండరుకు పూల గుడ్డ కుట్టి తొడిగింది. చుట్టాలొస్తే కాఫీకి, అంతే. అయిపోతే మళ్ళీ ఎప్పుడొస్తుందో తెలియదని భయం. నాయనమ్మకైతే అసలు గిట్టదు. గ్యాసు మీద వండిన అన్నం తింటే కడుపులో కూడా గ్యాసే పుడుతుందని ఆవిడ సిద్ధాంతం. అమ్మ ఓసారి నాకు నీళ్ళు గ్యాసు మీద కాచబోయింది. నాయనమ్మ అడ్డుపడి, పెద్దమ్మ తీర్పు కోసం చూసింది. ఆ తీర్పు మాత్రం నాయనమ్మ అనుకున్నట్టు రాలేదు.

"గ్యాసైతే ఏందత్తా? నీళ్ళు కాగడం ముఖ్యం. పొగుండదు, చెల్లి కళ్ళు బాగుపడతయ్. గ్యాసు బండ సరిపోక గానీ లేకపోతే నేనూ దాని మీదే కాస్తా" అంది.

మా అమ్మను చెల్లీ అనీ, నాయనమ్మను అత్తా అనీ పిలిచేది. కులాలు వేరైనా వరసలు అలాగే నడిచేవి.

నీళ్ళు పోయడం చూసి తీరాలి. రెండు కాళ్ళూ బారజాపి, కాళ్ళ మీద బిడ్డను పడుకోబెట్టుకుని, నలుగుపిండితో రుద్దుతుంటే నా కూతురు ఊరు లేచిపోయేలా ఏడ్చేది. నేను ఏడుపు మొహం పెట్టేదాన్ని.

"చానా ఏడుస్తంది పెద్దమ్మా, ఇక చాలు."

"ఏడవనీ. ఏడ్చే బిడ్డతో బెంగలేదమ్మాయ్. ఊపిరి నిండా ఉన్నట్టు."

ఇక ఆవిడలో మా నాయనమ్మకు అస్సలు గిట్టనిది ఒకటుండేది. నీళ్ళు పోసి, సాంబ్రాణి వేసి, కుంపటి గదిలో పెట్టాక, వెళ్ళిపోకుండా వచ్చి గడప మీద కూర్చునేది. ఒక పక్క ద్వారబంధానికి వీపు ఆనించి, కుడికాలు చాపి రెండో పక్కకు తన్నిపెట్టి, గంటసేపు. ఆ కాలుండగా తలుపు మూతపడదు. గడప లక్ష్మీదేవి. గడప మీద కూర్చుంటే, తుమ్మితే, తల దువ్వుకుంటే మా నాయనమ్మ మనవల వీపులు చిట్లగొట్టేది. అలాంటిది బాలింత గది గడప మీద, అదీ కాలు చాపుకుని!

"లేవవే! గడపంటే నీకు అరుగనుకున్నావా?"

"నడుం నెప్పత్తా. కింద కూర్చోలేను."

"కుర్చీ ఏపిస్తా."

"కుర్చీలో నాకు నిద్రొచ్చిద్ది."

"గాలి కొడతంది లోపలికి. కాలు తియ్యి."

"తీస్తా తీస్తా" అనేది గానీ తీసేది కాదు. లేచేటప్పుడు కుంపటి తనతోపాటే బయటకు పట్టుకెళ్ళేది. నాకు లోలోపల నవ్వొచ్చేది. చదువుకోని మనిషి, పెద్దరికం చూపించుకోవడానికి అదో పద్ధతి అనుకున్నాను. అప్పటికే నేను హైస్కూల్లో సైన్సు టీచర్ని. తెలివంతా నా దగ్గరే ఉందని నమ్మే వయసు.

బిడ్డకు ఇరవయ్యో రోజు దాటుతుండగా తుఫాను పట్టింది. మూడు రోజులు ముసురు. కరెంటు లేదు. దొడ్లో పత్తికట్టె కుప్ప తడిసి ముద్దయింది, కందికంప నానిపోయింది, పిడకలు చెమ్మెక్కాయి. ఏది అంటించినా మంట లేదు, పొగే. నేను దగ్గుతుంటే కుట్లు లాగేవి. గ్యాసు అడుగంటి, అమ్మ మిగిలిన కాస్తా పాలకూ నాకు పథ్యానికీ దాచింది. అప్పుడు నాయనమ్మకు పెద్దమ్మ ఇంటి బొగ్గులు గుర్తొచ్చాయి. ఇస్త్రీకి పెట్టుకున్న పొడి బొగ్గులు. పొగ రాదు, చాలాసేపు కణకణలాడతాయి.

పెద్దమ్మ బుట్టెడు తెచ్చింది గానీ ఇచ్చేటప్పుడు ఎందుకో ఆవిడ మొహం బాగాలేదు. కుంపటి రాజేసి గదిలో పెట్టి, ఎప్పటిలా గడప మీద కూర్చుంది. అది శుక్రవారం. బయట ఈదురుగాలి, సన్నటి జల్లు. తెరిచిన తలుపులోంచి చలి కత్తిలా కోస్తోంది. ఆ మాట ముందు అన్నది నేనే. ఎవరి మీదికీ తోయను.

"తలుపేయించు నాయనమ్మా. బిడ్డ వణికిపోతోంది."

నాయనమ్మకు కావలసిందీ అదే.

"ఇన్నావా? శుక్రవారం పూట గడప మీద కూర్చుని లక్ష్మిని తొక్కుతున్నావ్. బిడ్డకి పడిశం పడితే నువ్వొస్తావా? లేచి పోయే ఇంటికి! రేపట్నుంచి రాకపోయినా ఏం కాదు!"

పెద్దమ్మ నావైపు చూసింది. నేనేమన్నా అంటానేమోనని చూసిందని ఇప్పుడు తెలుస్తోంది. నేను మొహం గోడవైపు తిప్పుకున్నాను. ఆవిడ లేచి, "తలుపు ఓరగా ఉంచత్తా" అని మాత్రం అని జల్లులో వెళ్ళిపోయింది. నాయనమ్మ తలుపు బిడాయించింది. కిటికీ సందులో పాత చీర కుక్కింది. గది హాయిగా వెచ్చబడింది.

ఆ తర్వాత సంగతి నాకు ముక్కలు ముక్కలుగా గుర్తుంది. తల దిమ్ముగా అయింది. పురిటి నీరసం అనుకున్నాను. కణతలు పోట్లు పొడుస్తుంటే పైటచెంగు బిగించి కట్టుకున్నాను. బిడ్డ పాలు అడగలేదు. మంచిదే, వెచ్చగా నిద్రపోతోంది అనుకున్నాను. గాలి చాలనిచోట బొగ్గు మండితే రంగూ వాసనా లేని విషవాయువు పుడుతుందని ఆ వానాకాలమే పదో తరగతికి బోర్డు మీద రాసి, రెండుసార్లు చదివించి మరీ చెప్పాను. పరీక్షలో అడుగుతారని గీత గీయించాను. ఆ పాఠానికీ మా ఇంటి కుంపటికీ సంబంధముందని ఒక్క క్షణం కూడా తట్టలేదు. పాఠం బడిలోది, కుంపటి ఇంట్లోది. నా చదువు అంతవరకే.

తలుపు దభీమని తెరుచుకుంది. తడిసి ముద్దయిన పెద్దమ్మ. ఇంటికి వెళ్ళి గంట కూడా కూర్చోలేకపోయిందట. వచ్చీ రాగానే ఇంకేమీ అడగలేదు. "బిడ్డ ఏడ్చిందా?" అంది.

"లేదు, నిద్రపోతంది" అన్నట్టున్నాను. నాలుక మడతపడింది.

ఆవిడ బిడ్డను లాక్కుని వసారాలోకి పరిగెత్తింది. బిడ్డను అమ్మ చేతుల్లో పడేసి, వెనక్కొచ్చి నా మంచాన్ని నాతో సహా ఈడ్చింది. నులకమంచం కోళ్ళు గడపకు తట్టుకుంటే ఒక్క ఊపుతో ఎత్తి అవతల పడేసింది. ఆ మనిషికి నడుం నొప్పి! కుంపటిని ఒట్టి చేతులతో ఎత్తి ముంగిట్లో వానలోకి విసిరింది. బొగ్గులు చుయ్యిమన్నాయి. నాయనమ్మ గుండెలు బాదుకుంటోంది.

"బాలింతని వానగాలిలో పడేస్తావా! నీకు పిచ్చేమన్నా పట్టిందా!"

"అరుద్దువుగానీ అత్తా, తర్వాత అరుద్దువు" అని బిడ్డను మళ్ళీ తీసుకుని, అరికాళ్ళు రుద్దుతూ, మొహాన్ని గాలికి పెట్టి నిలబడింది. పేర్లు పెట్టి పిలిచింది, తిట్టింది, చిటికెలు వేసింది. ఎంతసేపో నాకు తెలియదు. అమ్మ నోట్లో చెంగు కుక్కుకుంది. చివరికి బిడ్డ ముక్కు చిట్లించి, సన్నగా ఒక మూలుగు మూలిగి, ఆపైన ఊరు లేచిపోయేలా ఏడ్చింది. పెద్దమ్మ అప్పుడు నేలమీద కూలబడింది. చేతులు బొబ్బలెక్కాయని అప్పుడు చూసుకుంది.

వాన తెరిపివ్వగానే గురజాల డాక్టరు దగ్గరకు తీసుకెళ్ళారు. ఆయన అంతా విని, "ఇంకో అరగంట గనక..." అని నా మొహం చూసి ఆగిపోయాడు. బాలింత ముందు ఆ మాట చదువుకున్న డాక్టరు కూడా పూర్తి చేయలేదు.

పెద్దమ్మ మర్నాడు వస్తుందని నేననుకోలేదు. చేతులకు గుడ్డలు చుట్టుకుని వచ్చింది. నీళ్ళు పోసే చేతులు ఆవిడవి కావు, అమ్మవి. పక్కన నిలబడి వేసే కేకలు మాత్రం ఆవిడవి. క్షమించమని అడగడం మా నాయనమ్మకు పుట్టుకతో రాదు. కానీ పెద్దమ్మ వచ్చేసరికి గడప మీద గోనెపట్టా నాలుగు మడతలు వేసి పరిచి ఉంది. పరిచింది నాయనమ్మే. పెద్దమ్మ దాన్ని చూసి, దాని మీద కూర్చుని కాలు చాపింది. నేను అత్తగారింటికి వెళ్ళేదాకా రోజూ ఆ పట్టా అక్కడ ఉండేది.

ఐదో నెలలో నేను బయలుదేరే రోజు, సామాను ఆటోలో ఎక్కిస్తుంటే ఆవిడ నన్ను పక్కకు పిలిచింది.

"ఇప్పుడు చెప్పొచ్చు నీకు. పచ్చి బాలింతవి కాదు గదా."

మొగుడి సంగతి చెప్పింది. అదీ ముసురు రోజేనట. పెళ్ళివారి బట్టలు తెల్లారేసరికి ఇవ్వాలని, జల్లు కొడుతుందని కొట్టు తలుపు వేసుకుని రుద్దుతూ కూర్చున్నాడు. పొద్దున్నే ఆవిడ సద్దెన్నం పట్టుకెళ్ళేసరికి చొక్కాలన్నీ మడతలు పెట్టి ఉన్నాయి. మనిషి వాటి పక్కనే పడుకుని ఉన్నాడు.

"కాళ్ళు పట్టుకుని గడప దాకా ఈడ్చా. గడప దాటించలేకపోయా. దాటిచ్చినా లాభం లేదన్నారులే. కడుపుకి పెట్టిన బొగ్గే గదమ్మాయ్, మానేస్తే గడవదు. తలుపు పీకిచ్చేశా."

"ఈ మాట మాకు ముందే ఎందుకు చెప్పలేదు పెద్దమ్మా?"

ఆవిడ నన్ను వింతగా చూసింది. టీచరమ్మకు ఇంత మాత్రం తెలియదా అన్నట్టు.

"బాలింత గదిలో చావు మాట ఎత్తుతారా ఎక్కడన్నా? ఎత్తితే నన్ను గుమ్మం ఎక్కనిస్తారా? ఎక్కనియ్యకపోతే కాలడ్డం పెట్టేదెవరు?"

నాకప్పుడు ఏడుపొచ్చింది. ఎన్ని ఇళ్ళలో, ఎంతమంది నాయనమ్మల చేత తిట్లు తింటూ ఆ మనిషి నడుం నొప్పి అని అబద్ధమాడి గడపల మీద కూర్చుందో! ఒంగి కాళ్ళకు దండం పెట్టబోతే, "నడుం పట్టుద్ది నీకు, లే" అని వీపు మీద ఒకటి చరిచింది.

తర్వాత రోజులు మారాయి. ఊళ్ళో అందరికీ సిలిండర్లు వచ్చాయి. కాన్పులు ఆసుపత్రుల్లో, నీళ్ళు హీటర్లతో. ఇస్త్రీ కొట్టుకు కూడా కరెంటు పెట్టె వచ్చింది. తలుపు మాత్రం రాలేదు. నేను ఊరెళ్ళినప్పుడల్లా అక్కడ కాసేపు నిలబడేదాన్ని. "ఏడుస్తందా నీ కూతురు?" అని అడిగేది. ఇంజనీరింగు చదువుతోందంటే, "అయితే ఏడుస్తానే ఉంటదిలే" అని నవ్వేది.

ఆ కూతురికే ఇప్పుడు బిడ్డ పుట్టింది. నరసరావుపేటలో మా ఫ్లాటులోనే పురుడు. పద్దెనిమిదో రోజు. నిన్న పొద్దున్నే ఊరి నుంచి తమ్ముడి ఫోను.

"పెద్దమ్మ పోయిందక్కా. పదింటికి తీస్తన్నారు. నువ్వు రావాకులే, బాలింత ఇల్లు."

వెళ్ళలేను. పోనీ ఇంట్లో చెప్పుకుని ఏడవనూ లేను. వంటింట్లో కుళాయి తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చి, మొహం కడుక్కుని ఇవతలకు వచ్చాను.

"ఎవరమ్మా ఫోను?" అంది నా కూతురు.

"మామయ్య. ఊరికే చేశాడు."

పది కావస్తుంటే బిడ్డకు స్నానం. రోజూ నేను స్టవ్ మీద కాచి ఇస్తుంటే, నా చాకిరీ చూడలేక, కరెంటు గీజరైతే బిల్లు భరించలేమని, అల్లుడు మొన్న బాత్రూములోనే గ్యాసు గీజరు బిగించాడు. నిన్నే మొదటిసారి వెలిగించారు. నేను తువ్వాలు తీసుకుని వెళ్ళేసరికి తలుపు వేసి ఉంది. లోపల గీజరు బుస్సుమని మండుతోంది. తోశాను. గదంతా ఆవిరి, అందులో బిడ్డను ఎత్తుకుని నా కూతురు. పై కిటికీకి అట్టముక్క పెట్టి చుట్టూ టేపు అంటించి ఉంది. బిడ్డకు గాలి సోకనీకు అని పద్దెనిమిది రోజులుగా పోరుతున్నది నేనే.

"గీజరు కట్టెయ్."

"నీళ్ళింకా చాల్లేదమ్మా."

"కట్టెయ్యమన్నానా!"

నా గొంతుకు అది బెదిరి కట్టేసింది. నేను స్టూలెక్కి అట్టముక్క పీకేశాను. చల్లగాలి రివ్వున కొట్టింది. మెకానిక్‌కు అప్పటికప్పుడు ఫోను చేసి, ఆ గీజరు పీకి బాల్కనీలో పెడితే గానీ ఇంకోసారి వెలిగించేది లేదని చెప్పాను. బకెట్లో పట్టిన నీళ్ళు చాలినన్ని ఉన్నాయి. నా కూతురు గొణుక్కుంటూనే పీట మీద కూర్చుని కాళ్ళు చాపి, బిడ్డను వేసుకుంది.

"తలుపన్నా ఎయ్యమ్మా."

ఏమీ మండని గదికి కాపలా అక్కర్లేదని నాకు తెలుసు. సైన్సు టీచర్ని. అయినా నేను గడప మీద కూర్చున్నాను. నల్లరాతి గడప, చల్లగా ఉంది. ఒక పక్కకు వీపు ఆనించి, కుడికాలు చాపి రెండో పక్కకు తన్నిపెట్టాను.

"ఏందమ్మా ఇది? గడప మీద కూర్చుంటే కొట్టేదానివి గదా నన్ను!"

"నడుం నెప్పే. కింద కూర్చోలేను."

మొదటి చెంబు పడగానే బిడ్డ కెవ్వుమంది.

"చూడు, చలికి ఎట్టా ఏడుస్తందో!"

"ఏడవనీ" అన్నాను.

హాల్లో గడియారం పది కొట్టింది. ఈపాటికి ఊళ్ళో పెద్దమ్మను గడప దాటిస్తూ ఉంటారు. నేను కాలు తీయలేదు.